కత్తెర మాస్టారి బడి

హాజరు పట్టీ తెరిచి దర్జీ గొంతు సవరించుకున్నాడు.

"రోల్ నంబర్ ఒకటి."

"ప్రెజెంట్ సార్" అంది తొమ్మిదేళ్ల కూతురు, కుట్టుమిషను పక్కన పీట మీద కూర్చుని.

రోల్ నంబర్ రెండు లేదు. ఆ బడిలో ఉన్నదే ఒక్క విద్యార్థిని. అయినా గంట కొట్టాల్సిందే, హాజరు పిలవాల్సిందే, క్లాసు లీడరు ఎన్నిక జరగాల్సిందే. పోయినేడు ఆ ఎన్నికలో పిల్ల ఏకగ్రీవంగా గెలిచింది.

దర్జీ బతికేది బడి పిల్లల యూనిఫాంలు కుట్టి. కానీ బడి పేరెత్తితే చాలు, ఒంటికి కారం రాసుకున్నట్టు మండేది. చిన్నప్పుడు ఐదో తరగతి మొత్తం ఆయన బెంచీ ఎక్కి నిలబడే చదివాడు. ఆ కోపం లోపల అలాగే ఉండిపోయింది. "నా బిడ్డకి నేనే చెప్పుకుంటా" అని ఒకటో తరగతి నుంచీ ఇంట్లోనే కూర్చోబెట్టాడు. వీధి వీధంతా ఆయన్ని మాస్టారనే పిలిచేది. అది కత్తెర మాస్టారని ఆయన ఎప్పుడో మర్చిపోయాడు.

నిజం చెప్పాలంటే, మనిషికి చెప్పడం వచ్చు. టేపు పరిచి భిన్నాలు చెప్పాడు. గుడ్డముక్కలు కత్తిరించి త్రిభుజాలు, చతురస్రాలు చెప్పాడు. దేశాల రాజధానులు చీటీల మీద రాసి, పాత కోటు జేబుల్లో దాచి వెతికించాడు.

పిల్ల కూడా చెప్పిన మాట వినేది. కొత్త యూనిఫాం తయారైనప్పుడల్లా కొలతకి తనే వేసుకుని చూపించేది. వేసుకుందంటే సాయంత్రం దాకా విప్పేది కాదు.

"చంక దగ్గర పట్టేస్తుందేమో చూస్తున్నా నాన్నా" అనేది.

పని మీద ఎంత శ్రద్ధో అని తండ్రి మురిసిపోయేవాడు.

ఆయన భార్య బస్సు కండక్టరు. రోజూ వందల మందితో నోరు నొప్పెట్టేలా మాట్లాడొచ్చే మనిషి.

"పిల్లకి నలుగురూ కావాలండీ" అనేది.

"నలుగురిలో పడితే నాలుగు తిట్లు నేర్చుకుంటుంది."

"నేర్చుకోనివ్వండి. తిట్టడానికైనా ఎదురుగా ఒక మనిషంటూ ఉంటుంది కదా!"

రెండేళ్లు నడిచిన ఈ గొడవని చివరికి ఆవిడే ఒక స్టాపులో ఆపింది. ఇంట్లో చదువుకునే పిల్లలకి విద్యాశాఖ వాళ్ళు ఏటా పరీక్ష పెడతారు. మొత్తం నలభై ప్రశ్నలు. ఒక్కో ప్రశ్న కింద నాలుగు జవాబులుంటాయి, సరైనదానికి టిక్కు పెట్టాలి.

"ఇరవై దాటిందా, ఇంక నేను నోరెత్తను. తగ్గిందా, సోమవారం నుంచి పిల్ల బడికి."

"ఇరవై ఒక లెక్కా!" అన్నాడు దర్జీ మీసం దువ్వుకుంటూ.

కింద గుండీలు ఏరుతున్న పిల్ల తలెత్తింది.

"పంతొమ్మిది వస్తే నాన్నా?"

"ఛ, అవేం మాటలే! నీకు పంతొమ్మిదేమిటి?"

పరీక్ష రోజున షాపు మూసి ముగ్గురూ బస్సెక్కారు. దారి పొడుగునా దర్జీ ఎక్కాలు అప్పజెప్పించుకున్నాడు. పిల్ల పదమూడో ఎక్కం కూడా గడగడా చెప్పేసింది. పక్కసీటు ముసలాయన చప్పట్లు కొట్టాడు. దర్జీ ఛాతీ రెండంగుళాలు పెరిగింది, కొలిచి చూసుకోలేదంతే.

గంట పరీక్ష. పిల్ల అరగంటలో బయటికొచ్చింది.

"అన్నీ రాశావా తల్లీ?"

"ఒక్కటీ వదల్లేదు నాన్నా."

దర్జీ భార్యవైపు చూసి కళ్ళెగరేశాడు.

కాసేపటికి పరీక్ష పెట్టిన మేడం ముగ్గుర్నీ లోపలికి పిలిచింది. బల్ల మీద కాగితం పెట్టింది. పై నుంచి కింద దాకా ఎర్ర ఇంటూలు.

"సున్నా" అంది.

దర్జీ కాగితం తిప్పి పేరు చూశాడు. తన పిల్ల పేరే, తను నేర్పిన గుండ్రటి అక్షరాలే.

"ఏడెనిమిదులు ఎంత తల్లీ?"

"తెలీదు నాన్నా."

"అర మీటరంటే ఎన్ని సెంటీమీటర్లు?"

"మర్చిపోయా."

"త్రిభుజానికి మూలలెన్ని?"

పిల్ల ఆయన మొహం చూడకుండా చెప్పు కొసతో నేల గీస్తూ, "అయిదా?" అంది.

భార్య పందెం గెలిచింది. కానీ మొగుడి మొహం చూసి, "పోనీలెండి" అని మెల్లగా భుజం మీద చెయ్యి వేసింది.

"నాకే సరిగ్గా చదువు లేదు మేడం" అన్నాడు దర్జీ. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "రానివాణ్ణి చెప్పబోయాను. నా కోపానికి నాలుగేళ్లు పిల్లని బలి చేశాను. సోమవారం దాకా కూడా వద్దు, రేపే చేర్పించేస్తా."

"నువ్వెళ్ళి నీళ్ళు తాగి రామ్మా" అంది మేడం పిల్లతో. పిల్ల ఒక్క గంతులో గుమ్మం దాటింది.

మేడం ఇరవై ఎనిమిదేళ్లుగా పేపర్లు దిద్దుతున్న మనిషి. కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకుని పై నుంచి కింద దాకా ఒకసారి చూసింది. ఎర్ర పెన్నుకి క్యాప్ పెట్టింది. నవ్వు ఆపుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

"చూడండి, ఏమీ రాని పిల్లలు కళ్ళు మూసుకుని టిక్కులు పెట్టినా ఓ పదైనా కలుస్తాయి, నలభైకి నలభై తప్పు పెట్టాలంటే, నలభైకి నలభై జవాబులూ తెలిసుండాలి!"