వెండెల్ గేర్‌బాక్సు

వరసగా మూడో ఏడు కూడా వెండెల్ తన డీజిల్ పికప్ బండి కిందే పడుకుని ఉన్నాడు. బయటికి కనబడేవి కాళ్ళు మాత్రమే.

భార్య లొరెటా ఆ కాళ్ళతోనే మాట్లాడింది.

"కొలరాడో ఆసుపత్రి వాళ్ళు మళ్ళీ ఫోన్ చేశారు. సోమవారంలోగా చేరకపోతే నర్సు ఉద్యోగం ఇంకెవరికో ఇచ్చేస్తారట. ఇదే ఆఖరు."

"వెళ్దామే! నేను వద్దన్నానా? ఇంత బరువు లాక్కుంటూ ఆ కొండలెక్కితే పాత గేర్‌బాక్సు పొగలు కక్కేది. ఈ పని పూర్తి కానీ."

నిరుడూ ఇదే మాట. ముందటేడూ ఇదే మాట. మొదట గట్టి క్లచ్ ప్లేట్లు వేశాడు. తర్వాత టార్క్ కన్వర్టర్ మార్చాడు. ఆయిల్ వేడెక్కకుండా పెద్ద కూలర్ బిగించాడు. బిగించిందల్లా మళ్ళీ విప్పాడు. టెక్సాస్‌లో ఇలాంటి మగవాళ్ళు వీధికొకడు. బండి ఎంత బరువు లాగుతుందో చెప్పుకోవడమే వాళ్ళ పని, లాగించడం కాదు.

అసలు సంగతేమిటంటే, వెండెల్‌కి ఆ ఊరు వదలడం ఇష్టం లేదు. పొద్దున్నే హోటల్లో కూర్చుని అతని గేర్‌బాక్సు కథ వినే నలుగురు కొలరాడోలో దొరకరు. ఆ ముక్క పెళ్ళాంతో చెప్పే ధైర్యం మాత్రం మన వీరుడికి లేదు.

శనివారం పొద్దున ఆఖరి బోల్టు బిగిసింది. మార్చడానికి ఇంకేమీ మిగల్లేదు పాపం.

"అయిందా?" అంది లొరెటా.

"అయిందా ఏమిటి! పది టన్నులు కట్టినా నవ్వుతూ లాగేస్తుంది."

"గేర్లు మార్చడం కష్టమా?"

"ఆటోమేటిక్కే పిచ్చిమొహమా! అన్నీ అదే మార్చుకుంటుంది. నువ్వు కూడా నడపొచ్చు."

"అయితే ఈరోజే బయల్దేరదాం."

వెండెల్ పక్కన పెట్టిన పానా మళ్ళీ అందుకున్నాడు.

"ఈరోజే అంటే ఎలా? ముందు ఐదొందల మైళ్ళు ఊరికే తిప్పి చూడాలి. చలికాలం పోనీ, చూద్దాం."

లొరెటా తగువు పెట్టుకోలేదు. లోపలికి వెళ్ళి కిటికీలు మూసింది. వంటింటి అలమరలకు గడియలు పెట్టింది. స్నేహితుడు డ్యూయీ రాగానే, బతుకు జీవుడా అనుకుంటూ వెండెల్ అతని కారెక్కి హోటల్‌కి పోయాడు. చేతుల గ్రీజు కడుక్కోలేదు. నలుగురికీ చూపించుకోవాలిగా!

మూడు గంటలపాటు గేర్‌బాక్సు కథ చెప్పాడు. ఐదు కప్పుల కాఫీ తాగాడు.

"మీ ఆవిడ ఏమంటోందిరా?" అన్నాడు డ్యూయీ.

"ఏమంటుంది? చలికాలం పోనీ అన్నా. నోరు మూసుకుంది."

మధ్యాహ్నం డ్యూయీ అతన్ని తీసుకొచ్చి కారు ఆపాడు.

"ఒరేయ్, బండి లేదేంట్రా?"

"సరుకులకి వెళ్ళుంటుందిలే. దిగు, ఇంట్లో కూర్చుందాం."

అంటూ అటు తిరిగిన వెండెల్‌కి, బండి వెనక కట్టి లాక్కెళ్ళేందుకే చేసినా, నాలుగు చక్రాల మీద మూడేళ్ళుగా కదలకుండా నిలబడ్డ తమ ఇల్లు ఉండాల్సిన చోట, తన పానాల పెట్టె ఒక్కటే కనిపించింది.