భట్టి బ్రెడ్డు

"ట్రే కింద చెయ్యి పెట్టకు బిడ్డా. నేను పట్టుకుంట."

గంగమణి ట్రేను రెండు చేతులతో ఎత్తింది. పాలు ఒలకలేదు. బ్రెడ్డు ముక్కలు రాత్రంతా నాని ఉబ్బాయి. పక్కనే తడిపిన గోనెపట్టాలో ఇవాళ్టి బీడీల ఆకు నానుతోంది. ఆ ఇంట్లో రాత్రిపూట ఏదో ఒకటి నానాల్సిందే.

"కొత్త ట్రే ఎప్పుడు తెచ్చినవ్ అవ్వా? పాతది మంచిగనే ఉండె గదా," అంది ప్రవళిక.

"నిన్న తెచ్చిన. నువ్వు చీర మార్చుకో. బొట్టు పెట్టుకో."

"పెట్టుకున్న గదా."

"గది కాదు. ఎర్రది పెట్టుకో."

ప్రవళిక కదల్లేదు. "అవ్వా, ఉప్మా చేద్దాం. వచ్చేటోళ్ళకు గీ బ్రెడ్డేంది? నవ్వుతరు."

"ఉప్మా అందరిండ్లల్ల తింటరు. నవ్వితే నవ్వనీ, తిని నవ్వుతరు."

ఇంతకు ముందు రెండు సంబంధాలు వచ్చాయి. రెండుసార్లూ చాయ్ తాగారు, లేచారు, ఫోన్ చేస్తామన్నారు. ఫోన్ రాలేదు. చాయ్ తాగడానికి అయిదు నిమిషాలు చాలు. టిఫిన్ ముందు కూర్చున్నవాళ్ళు అంత జల్ది లేవరని గంగమణి లెక్క. వేడి వేడి భట్టి బ్రెడ్డు ముందు అసలే లేవరు.

బేకరీ రెండు సందుల అవతల. తెల్లవారి రొట్టెలు తీసేశాక భట్టిలో వేడి గంటసేపు నిలుస్తుంది. ఓనర్ రాందాస్ ట్రే అందుకున్నాడు.

"నర్సింలు పెట్టే జాగల్నే పెడుతున్న అక్కా. ఎన్నింటికొస్తుండ్రు?"

"ఎనిమిదింటికి. జుక్కల్ నుంచి."

"పోరడేం చేస్తడు?"

"సుమన్ అని. మీసేవ నడుపుతడు. వాళ్ళ అవ్వ గూడ వస్తది."

రాందాస్ భట్టి మూత వేశాడు. "నీ గుండె గట్టిది. ఇగ ఒక్కదానివే అయితవ్."

"బీడీలున్నయ్ గదా తోడు. నువ్వు మాడనియ్యకు, గది చాలు."

నర్సింలు ఈ భట్టి ముందు ఆరేళ్ళు పనిచేశాడు. అమ్ముడుపోని బ్రెడ్డును ఆదివారం ఇంటికి తెచ్చేవాడు. గుడ్లు, పాలు, చక్కెర, యాలకులు కలిపి పోసి, పొద్దున ఇక్కడే కాల్చి, ట్రేతో సహా పరుగెత్తుకొచ్చేవాడు. హైదరాబాద్‌లో దీన్ని ఫ్రెంచ్ టోస్ట్ అంటారని చెప్పాడు. ఇంట్లో మాత్రం అది భట్టి బ్రెడ్డే. నిజాంసాగర్ రోడ్డు మీద వానలో బండి జారి మూడేళ్ళయింది. ఆ తర్వాత ఇంట్లో మిగిలింది ఇద్దరే. ఆదివారాలు మాత్రం ఆగలేదు.

వాళ్ళు ఎనిమిదికి ముందే వచ్చారు. సుమన్ తల్లి మహేశ్వరి చాప మీద కూర్చుని ట్రే వైపు చూసింది.

"ఇదేంది అక్కా, కేకా?"

"తిను, చెప్త."

మహేశ్వరి ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. చెప్పమని మళ్ళీ అడగలేదు. సుమన్ తలెత్తకుండా తిన్నాడు. రెండో ముక్క తనే వేసుకున్నాడు.

"ప్రవళిక చేసిందా?" అడిగింది మహేశ్వరి.

"నేనే చేసిన. నేర్పింది వాడు." గంగమణి గోడ వైపు చూపించింది. ఫోటోలో నర్సింలు నవ్వుతున్నాడు.

సుమన్ ప్లేటు కింద పెట్టాడు. బయటికి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు. ఫోటో ముందు నిలబడి దండం పెట్టాడు. వంటింటి గుమ్మంలో ఉన్న ప్రవళిక అది చూసి లోపలికి తిరిగింది.

పరీక్ష వాళ్ళు పెడతారనుకుంది గంగమణి. తను కూడా ఒకటి పెట్టిందని, అతను పాసయ్యాడని అప్పుడు తెలిసింది.

"ఒక్క మాట అక్కా," అంది మహేశ్వరి. "పెండ్లిల పిల్లగాని కాళ్ళు కడిగేది ఎవరు?"

గంగమణి భయపడింది ఈ మాటకే. భర్త లేని ఆడది పీటల దగ్గరికి రావద్దనే వాళ్ళు ఊరి నిండా ఉన్నారు.

"నేనే కడుగుత. ఏమన్న ఇబ్బందా?"

మహేశ్వరి కొడుకు వైపు చూసింది. సుమన్ తల అడ్డంగా ఊపాడు.

"మాకేం ఇబ్బంది లేదు," అంది మహేశ్వరి. "ఇంకో ముక్క ఉందా?"

ఉంది. మూలన మాడిన ముక్క. అదే బాగుందని తిన్నది మహేశ్వరి. తిన్నాక ఫోన్‌లో క్యాలెండర్ తెరిపించి, వచ్చే నెలలో రోజు చూడమంది. సుమన్ రెండు తేదీలు చెప్పాడు. ముందు వచ్చేది ఖాయమైంది. చాయ్ ఆఖరున తాగారు.

వాళ్ళ బండి సందు మలుపు తిరిగాక గంగమణి చేట ఒళ్ళో పెట్టుకుని గడప దగ్గర కూర్చుంది. ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.

"అవ్వా, ట్రే నీకుండనీ. ఆదివారం పనికొస్తది," అంది ప్రవళిక నల్లా దగ్గర నుంచి.

"గది నీతోనే వస్తది. ఆదివారం ఆదివారం నువ్వు చెయ్యి. నేనే బస్సెక్కి వస్త తినటానికి."

"జుక్కల్‌ల భట్టి యాడిది?"

"మీసేవ నడిపేటోనికి భట్టి దొరకదా? జర మంచిగ తోము. మెరవాలె."

నిన్న గిన్నెల దుకాణంలో హన్మాండ్లు పేరు కొట్టే మెషిన్ పట్టుకుని ఏం రాయాలని అడిగాడు. ఆమె చెప్పింది. అతను మెషిన్ ఆపి ఆమె ముఖం చూశాడు. మళ్ళీ చెప్పించుకుని, తప్పు పోకుండా రాశాడు.

నల్లా చప్పుడు ఆగింది. ప్రవళిక ట్రే బోర్లించినట్టుంది. గంగమణి తలెత్తకుండా ఇంకో ఆకు తీసుకుంది.

ట్రే అడుగున ఇలా ఉంది: "నా కోడలి పెండ్లికి, అత్త గంగమణి."