అడుసు లేని గోడ

జింబాబ్వే గుట్టల్లో రాజుగారి కోటగోడ లేస్తున్న రోజులవి. పక్కనే పుట్ట కట్టుకున్న ఒక చెదపురుగు తనకు తానే మేస్త్రీ అని పేరు పెట్టుకుంది. దాని పుట్ట రెండుసార్లు కూలిందనుకోండి, అది వేరే సంగతి.

ఓనాడు మేస్త్రీ గోడెక్కి చూస్తే రాయి మీద రాయి తప్ప చారెడు అడుసు లేదు. రాళ్ళ సందులో బల్లి గుడ్లు పెట్టుకుని కాపలా కూర్చుంది.

"బల్లక్కా, వాన వస్తోంది! ఈ గోడ నిలవదు, గుడ్లు తీసుకుని పద!"

"రేపోమాపో పిల్లలయ్యేవి. ఇప్పుడు కదిలిస్తే దక్కవురా."

మేస్త్రీకి జాలేసింది. ఉమ్మీ మట్టీ కలిపి గుడ్ల కింద సందును గట్టిగా మెత్తేసింది. అంతలో వాన దంచింది. దిగే దారి లేక నీళ్ళు గుడ్ల దాకా పొంగాయి.

"ఒరే మేస్త్రీ! నీ పనితనం పాడుగాను, తియ్యరా!"

అది గబగబా తన మెత్తు తనే కొరికేసింది. నీళ్ళు గలగలా దిగిపోయాయి, గుడ్లు దక్కాయి. చుట్టూ చూస్తే గోడ పొడుగునా వేల సందుల్లోంచి నీళ్ళు ధార కడుతున్నాయి. ఒక్క రాయీ కదల్లేదు.

"ఏ దేవతలు కట్టారక్కా?"

"దేవతలెక్కడివిరా! అదుగో, ఆ గుడిసెల్లో జొన్నజావ కాచుకుంటున్నవాళ్ళే. వాన తగ్గగానే మళ్ళీ వస్తారు."

నిజంగానే వచ్చారు. ఒకాయన రాయిని తిప్పి తిప్పి చూసి, అంచు చెక్కి, సుతారంగా పేర్చాడు. మేస్త్రీ కిందికి దిగి, గోడ మొత్తం చూద్దామని వెనక్కి నడిచింది. ఇంకా వెనక్కి నడిచి, తల ఎత్తి ఎత్తి వెల్లకిలా పడింది. లేవడం మరిచి అలాగే చూస్తూ ఉండిపోయింది. అప్పటికీ దానికి పైవరుస కనబడలేదు.