మనవడికి మొదటి పల్లీ

డాక్టరమ్మ చెప్పినట్టే, మా కొట్టులో వేయించిన పల్లీలు మెత్తగా నూరి, పల్చగా కలిపి, ఆరునెలల మనవడికి చెంచా కొసతో నాకించాను. ఇప్పుడే అలవాటు చేస్తే రేపు పల్లీ పడకపోయే భయం తగ్గుతుందట.

నా కూతురు గుమ్మం దాటి రాలేదు, అక్కడే కాలుగాలిన పిల్లిలా తిరుగుతోంది.

"నాన్నా, మొహం ఎర్రబడుతోంది చూడు."

"ముక్కుతున్నాడే తల్లీ. వాడి పని వాణ్ణి చేసుకోనీ."

"పెదాలు వాచాయా?"

"ఇంకో చెంచా కోసం చాస్తున్నాడు."

చాలాసేపు కళ్లార్పకుండా చూశాను. దద్దుర్లు లేవు, దగ్గు లేదు.

"ఏం కాలేదు, రావే."

"ముందు వాడి మూతీ నీ చేతులూ సబ్బుతో కడుగు."

కడిగి అందించాక కొడుకుని గుండెకు హత్తుకుంది.

"పల్లీ ఎలా ఉంటుంది నాన్నా?"

దాన్ని పల్లీలు అమ్మే పెంచాను. ఒక్క పలుకు తిన్నా దాని ప్రాణం మీదికొస్తుంది.

"కమ్మగా ఉంటుందమ్మా" అన్నాను.