వీధివైపు చెప్పులు

కల్పలత భర్త భానుప్రకాశ్ దేశం కాని దేశంలో కన్నుమూశాడని పొద్దున ఫోనొచ్చింది. సర్కారును నిలదీసే పుస్తకాలు రాసి, ప్రవాసంలోనే ముసలివాడైన మనిషి. లాలాగూడలో ఉన్నన్నాళ్లూ, పోలీసులొస్తే తొడుక్కుని పరుగెత్తడానికి వీలుగా, చెప్పులు వీధివైపు తిప్పి విడిచేవాడు. ఆయన వదిలి వెళ్లిన పాత జతను కల్పలత ఇన్నేళ్లూ గడప ముందు అలాగే ఉంచింది. తుడిచినా మళ్లీ వీధివైపే పెట్టేది.

ఆ రాత్రి గేటు చప్పుడైంది. వీధికుక్కలు మొరగలేదు. ఆడబిడ్డ రజిత తలుపు తీసింది.

"ఎవ్వరు లేరు వదినె. గీ చెప్పులు నువ్వు తిప్పినవా?"

కల్పలత వచ్చి చూసింది. రెండూ ఇంటివైపు తిరిగి ఉన్నాయి. వంగి తాకింది. అప్పుడే విడిచినట్టు వెచ్చగా ఉన్నాయి.

"గొళ్లెం పెట్టు రజితా," అంది మెల్లగా. "ఇగ మీ అన్న యాడికి పోడు."