టోకెన్ ఇచ్చినాయన

“రక్తం ఒక పక్కనుంచేనా అమ్మా?”

బెంచీ మీద పక్కనున్న ముసలాయన అడిగేసరికి సఫూరా కొంగుని ముక్కుకి ఇంకాస్త గట్టిగా అదుముకుంది.

గుంటూరులో అదో ముక్కు, చెవి, గొంతు ఆసుపత్రి. ఆమెది చిలకలూరిపేట. మిరపకాయల ముచ్చికలు తీసే కూలిపని. ఏడాదిగా ముక్కు దిబ్బడ, నాలుగు నెలలుగా రక్తం. మిర్చి ఘాటుకేలెమ్మని ఊళ్ళో అందరూ తేల్చేశారు.

“ఎడమ పక్కే,” అంది చివరికి.

“వాసనలు తెలుస్తున్నాయా?”

“లేదు.”

ఆయన మొహం మారిపోయింది. తన మూడో నంబరు టోకెన్ తీసి ఆమె చేతిలో పెట్టాడు.

“నువ్వు ముందెళ్ళు. మందులు రాసి పంపిస్తే పోమాక. ముక్కులోంచి చిన్న ముక్క తీసి పరీక్ష చెయ్యమని అడుగు.”

“నీకెంత కమీషన్ ఇస్తారు పెద్దాయనా?”

హాల్లో నలుగురూ తిరిగి చూశారు. ఆయన లేచాడు. ఆమె లోపలికి వెళ్ళేదాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

ముక్క తీశారు. పది రోజులకి తెలిసింది, ప్లాస్మా కణాల గడ్డ అని, ఒక రకం క్యాన్సరని. ఎముక మజ్జ కూడా పరీక్ష చేయించింది డాక్టరమ్మ.

“చాలా అరుదమ్మా ఇది. ఇంకెక్కడికీ పాకలేదు. రేడియేషన్‌కి కరిగిపోతుంది.”

ఐదు వారాలు. నోరు పూసింది, చెంప నల్లబడింది. గడ్డ మాత్రం కరిగింది.

ఒక పొద్దున పక్కింట్లో తాలింపు పెడుతుంటే వెల్లుల్లి వాసన తగిలింది. సఫూరా గోడ పట్టుకుని ఏడ్చేసింది. ఆ సంగతి ముందుగా ఆయనకే చెప్పాలనిపించింది.

చూపించుకోవడానికి వెళ్ళిన ప్రతిసారీ బెంచీలన్నీ వెతికింది. నెరిసిన తల కనిపిస్తే చాలు, గబగబా వెళ్ళేది. తీరా చూస్తే ఇంకెవరో. ఒక్కసారి కనబడితే, ఆ కమీషన్ మాట వెనక్కి తీసుకుందును కదా!

ఇక ఉండబట్టలేక డాక్టరమ్మనే అడిగింది. “ఆ రోజు నాకు టోకెన్ ఇచ్చిన పెద్దాయన రావట్లేదేంటమ్మా?”

రాస్తున్న డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది.

“యలమందయ్యగారా? పోయిన నెల గుండెపోటుతో పోయారు. ప్రతి సోమవారం అద్దంకి నుంచి తొలి బస్సుకి వచ్చి టోకెన్ తీసుకునేవారు. నీలాంటివాళ్ళు కనిపిస్తే ఇచ్చి, నా దగ్గరికి పంపేవారు.”

“మీ చుట్టమా అమ్మా?”

డాక్టరమ్మ తల దించుకుంది.

“కాదమ్మా. ఆయన భార్యదీ నీ జబ్బే, రెండేళ్ళపాటు జలుబు మందులు రాసి ఆమెని చేజార్చిన డాక్టర్ని నేనే.”