ఆఖరి పడవలో తెడ్డు

“లంగరు తెమ్మంటే లంగా తెస్తావేంట్రా!”

దర్శకుడి అరుపుకి నీళ్ళతొట్టిలోని కొయ్య ఓడ కూడా ఒక ఊపు ఊగింది.

ఓడ పక్కన చిన్న పడవలో ఉన్న నటులూ నీళ్ళలో ఉన్నవాళ్ళూ పకపకా నవ్వారు.

“మైకులో సగం మాట మింగేశారు సార్,” అన్నాడు కాస్ట్యూమర్, లంగా వెనక్కి దాచుకుంటూ. “ఏ రంగుదని అడుగుదామనే అనుకున్నా...”

“ఇక నన్నేమీ అడక్కు! గేటు దాటి వచ్చినవాడికల్లా నావికుడి చొక్కా తొడుగు, గొట్టంతో తడుపు, పడవెక్కించు. అంతే!”

దర్శకుడి మొదటి రెండు సినిమాలూ ఓడ లేకుండానే మునిగాయి. ఈ మూడోది ఎన్నో ఏళ్ళ కిందట నిజంగా మునిగిన ఓడ కథ. ఆఖరి పడవలో బయటపడ్డవాళ్ళలో ఇంకా మిగిలింది ఒకే ఒక్క నావికుడు. ఇన్నాళ్ళూ నోరు విప్పని ఆ మనిషి, ఇవాళ వచ్చి కెమెరా ముందు మాట్లాడతానన్నాడు. సినిమాకి ముగింపు ఆ మాటలే. ఓడ మునగాలి, తను ఓడకూడదు.

మధ్యాహ్నమైనా ఆయన జాడ లేదు. దర్శకుడి మొహం మాడిన పెనంలా ఉంది.

“ఏయ్ ముసలాయనా! పడవ అంచున కూర్చున్నవాడివి, నిన్నే! తెడ్డు చాపి వాళ్ళని పైకి లాగు. యాక్షన్!”

తడిసి ముద్దయిన ముసలాయన తెడ్డు అందుకున్నాడు.

నీళ్ళలోంచి చేతులు లేచి పడవ అంచు పట్టుకున్నాయి.

ముసలాయన తెడ్డు చాపలేదు. తలకంటే పైకి ఎత్తాడు.

“కట్! లాగవయ్యా అంటే ఎత్తుతావేంటి? కొట్టి చంపుతావా వాళ్ళని?”

తెడ్డు జారి నీళ్ళలో పడింది.

“అందర్నీ ఎక్కించుకుంటే పడవ నిలవదు బాబూ.”

“తెడ్డు పట్టడం చేతకాదు గానీ నా కథలో వేలు పెడతావా? కథ చెప్పడానికి అసలు మనిషి వస్తున్నాడు. ఆయన కాలిగోటికి చాలవు నువ్వు!”

“ఆయన్ని ఏమడుగుతారు?”

“అంతమందిని పడవలోకి ఎలా లాగాడో అడుగుతా. దేవుడయ్యా ఆయన! కాదన్నవాడి పళ్ళు రాలగొడతా. దిగు ముందు!”

ముసలాయన తడిచొక్కా విప్పి, మడిచి, పడవలో పెట్టి వెళ్ళిపోయాడు.

వెనక ఎవరో ఈల వేశారు.

అంతలో మేనేజర్ రొప్పుతూ వచ్చాడు. “సార్, పెద్దాయన్ని పొద్దున్నే గేటు దగ్గర దింపానంటున్నాడు డ్రైవరు! ఎక్కడ కూర్చోబెట్టారు?”

సెట్టంతా కాస్ట్యూమర్ వైపు తిరిగింది.

“ఎవర్నీ ఏమీ అడగలేదు సార్,” అన్నాడు వాడు అందరికీ వినబడేలా. “‘ఆ రోజు తెడ్డుతో నేనేం చేశానో చెప్పేసుకుందామని వచ్చాను నాయనా’ అంటుంటే, డైలాగు బట్టీ పడుతున్నాడనుకుని, గొట్టం పెట్టి తడిపేశాను.”